ట్రంపెట్ ముందా, గొంతు ముందా? లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ గురించి ఒక సందేహం

ప్రశ్న – కొత్తశ్రోత

అందరికీ నమస్కారం. నేను కర్ణాటక సంగీతం వినే ఇంట్లో పెరిగినవాడిని, జాజ్‌తో నా పరిచయం రెండేళ్ళకు మించదు. చాలామందిలాగే నేను కూడా లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్‌ను మొదట గాయకుడిగానే విన్నాను. 1967లో ఆయన పాడిన "వాట్ ఎ వండర్‌ఫుల్ వరల్డ్" పాటలో ఆయన ట్రంపెట్ ఎక్కడా వినిపించదు కాబట్టి, ఆయన వాద్యకారుడన్న సంగతే నాకు చాలాకాలం తెలియలేదు. తరువాత ఒక మిత్రుడి సలహా మీద, 1925 నుంచి 1928 వరకు హాట్ ఫైవ్, హాట్ సెవెన్ అన్న పేర్లతో ఆయన చేసిన రికార్డులు వరుసగా విన్నాను. మూడు నిమిషాల ప్లేటులో అంత మనోధర్మం ఎలా పట్టిందో నాకు అంతుపట్టలేదు.

నా సందేహం ఇది. నేను చదివిన కొన్ని వ్యాసాలు, అసలైన ఆర్మ్‌స్ట్రాంగ్ 1928తోనే ముగిశాడనీ, ఆ తరువాత పాటలు, సినిమాలు, వేదిక మీద చెమట తుడుచుకునే చేతిరుమాలు, పళ్ళన్నీ కనిపించే నవ్వు ఇవే మిగిలాయనీ తేల్చి చెబుతున్నాయి. గొప్ప వాద్యకారుడు జనాదరణ కోసం గాయకుడిగా, నటుడిగా దిగజారాడన్న ఈ వాదన ఎంతవరకు నిజం? దీర్ఘకాలంగా వింటున్నవారు వివరంగా చెప్పగలరని ఆశిస్తున్నాను.

జవాబు – పాతరికార్డులు

కొత్తశ్రోత గారూ, మీరు చదివిన వ్యాసాలు వరుసనే తలకిందులు చేశాయి. ఆర్మ్‌స్ట్రాంగ్ చేతికి వాద్యం రాకముందే ఆయనకు గొంతు ఉంది. న్యూ ఆర్లియన్స్‌లోని కడు పేద వాడలో 1901 ఆగస్టు 4న పుట్టిన ఆ కుర్రవాడు, పదేళ్ళు దాటిన వయసులో తోటి పిల్లలతో జట్టు కట్టి వీధి మలుపుల్లో పాడి, జనం విసిరే చిల్లర ఏరుకునేవాడు. (తాను 1900 జులై 4న పుట్టానని ఆయన జీవితాంతం చెప్పుకున్నాడు. అసలు తేదీ ఆయన పోయిన చాలా ఏళ్ళకు చర్చివారి జ్ఞానస్నాన పుస్తకంలో బయటపడింది.) కొత్త సంవత్సరం సంబరాల్లో గాలిలోకి పిస్తోలు పేల్చినందుకు పోలీసులు పట్టుకుపోయి నల్లజాతి బాలల సంస్కరణాలయంలో పెట్టారు. 1913లో అక్కడి బ్యాండులో, పీటర్ డేవిస్ అనే ఉపాధ్యాయుడి దగ్గర కార్నెట్ ఆయనకు పట్టుబడింది. కార్నెట్ అంటే ట్రంపెట్‌కు చెల్లెలి వంటి పొట్టి వాద్యం.

1922లో గురుతుల్యుడైన కింగ్ ఆలివర్ పిలిస్తే షికాగో వెళ్ళి ఆయన పక్కన రెండవ కార్నెట్ ఊదాడు. మరుసటి ఏడాది ఇండియానా రాష్ట్రంలోని రిచ్‌మండ్‌లో మొదటి రికార్డింగు జరిగింది. మైకులు లేని రోజులు కావడంతో అందరూ ఒక పెద్ద గరాటు ముందు నిలబడి వాయించాలి. ఈయన ఊదుడుకు మిగతా వాద్యాలు మునిగిపోతున్నాయని ఆయనను బృందానికి బాగా వెనుకగా నిలబెట్టారు. ఆలివర్ దగ్గర పియానో వాయించే లిల్ హార్డిన్‌ను 1924లో పెళ్ళి చేసుకున్నాడు. రెండవ కుర్చీలో ఎంతకాలం కూర్చుంటావని నిలదీసి ఆయనను బయటికి పంపింది ఆమే. ఆ ఏడాదే న్యూయార్క్‌లో ఫ్లెచర్ హెండర్సన్ బృందంలో చేరాడు. హెండర్సన్‌కు ఈయన వాద్యం కావాలి కానీ గొంతు అక్కరలేదు. ఏడాదికి పైగా ఆ బృందంలో ఉన్న మనిషి గొంతు, 1924 నాటి ఒక రికార్డు చివర కొన్ని క్షణాలు మాత్రమే అల్లరిగా వినబడుతుంది. ఆ కొరత ఆయన మనసులో నిలిచిపోయింది. 1925 నవంబరులో షికాగోకు తిరిగివచ్చి సొంత పేరుతో రికార్డులు మొదలుపెట్టగానే పాడటం కూడా మొదలుపెట్టాడు. 1926 ఫిబ్రవరిలో ఒక పాట పాడుతుండగా మాటలు రాసిన కాగితం జారిపడిందనీ, అర్థం లేని అక్షరాలతో ఆ చరణం నింపేశాననీ ఆయనే చెప్పుకునేవాడు. కథ సంగతి ఎలా ఉన్నా, అలాంటి గానం అంతకుముందూ ఉంది. అయితే దానిని జాజ్‌లో అందరూ అనుకరించే పద్ధతిగా నిలబెట్టింది ఆ రికార్డే.

ఇక మీ వ్యాసకర్తలు శిఖరంగా చూపే 1928 నాటి "వెస్ట్ ఎండ్ బ్లూస్" సంగతి. దాని మొదట్లో ఏ తోడూ లేకుండా ట్రంపెట్ ఒంటరిగా ఎక్కి దిగే ఆ కొద్ది క్షణాల ఆలాపనను అందరూ పొగుడుతారు, పొగడవలసిందే. కానీ అదే ప్లేటు మధ్యలో క్లారినెట్ ఒక మాట అంటే, దానికి మాటలు లేని గొంతుతో, ఎంతో మృదువుగా, ఆర్మ్‌స్ట్రాంగ్ బదులు చెబుతాడు. గాయకుడిని పక్కన పెట్టి వాద్యకారుడిని మాత్రమే మెచ్చుకోదలచినవారు ఆ రికార్డును సగంలో ఆపి వినవలసి ఉంటుంది.

కర్ణాటక సంగీతం తెలిసినవారు కాబట్టి ఇంకొక మాట. మన దగ్గర వాద్యం గాత్రాన్ని అనుసరించాలని అంటాము. ఈయన విషయంలో గాత్రం కూడా వాద్యాన్ని అనుసరించింది. తాళం నిలకడగా నడుస్తుండగా ఎత్తుగడను కాస్త వెనక్కి లాగి లేదా ముందుకు తోసి, అంటే మన అతీత అనాగత గ్రహాలను గుర్తుచేసే తీరులో, ట్రంపెట్ మీద ఎలా ఊదేవాడో అలాగే పాడేవాడు. సాహిత్యంలో అక్కరలేదనిపించిన మాటలు మింగేసేవాడు. బింగ్ క్రాస్బీ, బిల్లీ హాలిడే వంటి గాయకులు ఆయన దగ్గర నేర్చుకున్నామని చెప్పింది ఈ నడకనే.

జవాబు – బ్యాండుమాస్టారు

పైన చెప్పినదంతా సంగీతం తెలిసినవారి మాట, నేను పెదవుల మాట చెబుతాను. కోస్తాలో పెళ్ళి బ్యాండులో పదిహేనేళ్ళు ట్రంపెట్ ఊదినవాడిని. వైశాఖం ముహూర్తాల్లో ఒక్క రోజులో రెండు ఊరేగింపులు పడితే, రాత్రి ఇంటికి వచ్చేసరికి పై పెదవి మీద మౌత్‌పీస్ అంచు గుండ్రంగా ఎర్రగా అచ్చు పడి ఉండేది. మరునాడు పొద్దున వేడి టీ తగిలితే ప్రాణం లేచిపోయేది, వెన్న రాసుకుని తిరిగేవాళ్ళం. ట్రంపెట్‌లో శబ్దాన్ని పుట్టించేది ఇత్తడి కాదు, మౌత్‌పీస్ లోపల అదిరే పెదవులు. పై స్వరాలకు వెళ్ళేకొద్దీ పెదవులు మరింత బిగించాలి, గాలి మరింత వేగంగా తోయాలి. అలసిపోయినవాడు ఆ బిగింపు చాలక లోహాన్ని పెదవికేసి అదుముతాడు, అప్పుడు అక్కడ నెత్తురు ఆడదు. చెడేది అక్కడే.

ఆర్మ్‌స్ట్రాంగ్ 1930ల మొదట్లో వేదిక మీద హై సి స్వరాన్ని వందకు మించి సార్లు వరుసగా ఊది, చివరకు దానికీ పైన ఉన్న ఎఫ్‌కు ఎక్కి దిగేవాడట. మా బోటివాడు మంచి రోజున నాలుగు సార్లు అందుకుంటే గొప్ప. ఆ సాముగరిడీకి పెదవి చిట్లింది, మానింది, మళ్ళీ చిట్లింది. 1930ల నడుమ కొన్ని నెలలు వాద్యం ముట్టకుండా కూర్చోవలసి వచ్చింది. దగ్గరగా తీసిన ఫోటోల్లో పై పెదవి మీది మచ్చ మీరే చూడవచ్చు. వాద్యకారులకు పెదవి కండరం చిరిగే స్థితికి వైద్యులు ఆయన ముద్దుపేరు సాచ్మోనే పెట్టారు. అలాంటి మనిషి ఒక చరణం ఊది, రెండు చరణాలు పాడి, మళ్ళీ ఊదడాన్ని దిగజారడమంటే నేను ఒప్పుకోను. పాడినంతసేపు పెదవికి నెత్తురు తిరుగుతుంది. ఏడాదిలో మూడువందల రోజుల దాకా ఊళ్ళు పట్టుకు తిరుగుతూ అరవై దాటేవరకు ఊదగలిగాడంటే ఆ గొంతు ఆయన పెదవిని కాపాడింది. చేతిరుమాలును వెక్కిరించేవారు ఒక్క గంట మండుటెండలో ఊది చూడాలి.

జవాబు – తెరచాటు

సినిమాల గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను రాస్తున్నాను. ఆయన ఇరవైకి పైగా చిత్రాల్లో కనిపించాడు, చాలావాటిలో తన పేరుతో తానుగానే. 1932 నాటి ఒక పొట్టి చిత్రంలో ఆయనకు చిరుతపులి చర్మం కట్టి, సబ్బు నురగ మధ్య నిలబెట్టారు. చూస్తుంటే సిగ్గు వేస్తుంది, కానీ ట్రంపెట్ పెదవుల దగ్గరికి చేరగానే ఆ వేషం ఎవరికీ గుర్తుండదు.

1936లో బింగ్ క్రాస్బీ పట్టుబట్టి తన చిత్రం "పెన్నీస్ ఫ్రమ్ హెవెన్"లోకి ఆయనను తెచ్చాడు. తెల్ల నటుల పేర్ల సరసన ఒక నల్లజాతి కళాకారుడి పేరు వేయడం ఆనాటి హాలీవుడ్‌లో చిన్న విషయం కాదు. అయితే ఇచ్చిన సన్నివేశం చూడండి. హోటల్ ఆదాయంలో పది శాతం ఇస్తానని క్రాస్బీ అంటే, మా బృందంలో ఏడుగురం ఉన్నాము, పదిని ఏడుతో భాగించడం మాలో ఎవరికీ రాదు, ఏడు శాతం ఇప్పించండి అని ఈయన బతిమాలుకుంటాడు. నల్లవాడికి లెక్క రాదన్నదే అక్కడ హాస్యం. ఆ హాస్యాన్ని ఆయన తరువాత కూడా ఇష్టంగా తలచుకునేవాడన్నది నాకు ఇప్పటికీ మింగుడుపడని విషయం. 1947లో న్యూ ఆర్లియన్స్ మీద తీసిన చిత్రంలో బిల్లీ హాలిడే అంతటి గాయనికి పనిమనిషి వేషం ఇచ్చారు. ఆ లెక్కన ఈయనకు దక్కిన మర్యాదే ఎక్కువ.

నటుడిగా ఆయనను చూడదలిస్తే రెండు చిత్రాలు చాలు. 1956 నాటి "హై సొసైటీ" మొదట్లో, బస్సులో వెనుక సీట్ల దగ్గర తన బృందంతో కూర్చుని, రాబోయే కథంతా పాటగా చెబుతాడు. మన నాటకాల్లో సూత్రధారుడు చేసే పని అదే, అంత హాయిగా చేసినవారు అరుదు. 1966లో వచ్చిన "ఎ మ్యాన్ కాల్డ్ ఆడమ్"లో శామీ డేవిస్ జూనియర్ కథానాయకుడు. ఈయనది జనం మరచిపోయిన ముసలి ట్రంపెట్ వాద్యకారుడి పాత్ర. ఆ నవ్వు పక్కన పెట్టి, అలసిన ముఖంతో ఆయన ఊరకే కూర్చున్న క్షణాలు చూస్తే, ఇటువంటి పాత్రలు ఇంకో నాలుగు ఎందుకు ఇవ్వలేదా అనిపిస్తుంది.

జవాబు – మొండివాది

నేను మీ ముగ్గురితోనూ పూర్తిగా ఏకీభవించలేను. పాడటం తప్పని ఎవరూ అనలేదు. 1947లో ఆల్ స్టార్స్ బృందం పెట్టిన తరువాత ఇరవై ఏళ్ళకు పైగా దాదాపు అవే పాటలు, అదే క్రమం, అవే చమత్కారాలు నడిచాయన్నదే ఫిర్యాదు. 1928లో ఎవరూ నడవని దారి తొక్కిన మనిషి నుంచి అంతకన్నా ఎక్కువ కోరుకోవడం తప్పు కాదు. డిజీ గిలెస్పీ, మైల్స్ డేవిస్ వంటి తరువాతి తరం ట్రంపెట్ వాద్యకారులు ఆ నవ్వును ఊరికే తప్పుపట్టలేదు. తెల్ల ప్రేక్షకులను నవ్విస్తేనే నల్ల కళాకారుడికి చోటు అన్న పాత పద్ధతికి అది గుర్తని వారి బాధ. ఒక పక్కమాట: 1977లో వాయేజర్ నౌకలతో అంతరిక్షానికి పంపిన బంగారు రికార్డులో హిందుస్తానీ గాయని కేసర్‌బాయీ కేర్కర్ గానంతో పాటు ఆర్మ్‌స్ట్రాంగ్ హాట్ సెవెన్ రికార్డు కూడా ఒకటి ఉంది. అందులో ఆయన పాడడు, ఊదుతాడు మాత్రమే. ఎంపిక చేసినవారికి ఏది ముఖ్యమో తెలిసినట్టే ఉంది.

జవాబు – పాతరికార్డులు

మొండివాది గారూ, పాటల క్రమం గురించి మీరు అన్నది ఒప్పుకుంటాను. నవ్వు గురించి ఒప్పుకోలేను. 1957 సెప్టెంబరులో ఆర్కాన్సా రాష్ట్రంలోని లిటిల్ రాక్ నగరంలో తెల్ల పిల్లల బడిలోకి నల్లజాతి పిల్లలను రానివ్వకుండా గవర్నరు సైనికులను నిలబెట్టినప్పుడు, ఉత్తర డకోటాలోని గ్రాండ్ ఫోర్క్స్ హోటల్ గదిలో ఒక కుర్ర విలేకరి ముందు ఆర్మ్‌స్ట్రాంగ్ బద్దలయ్యాడు. గవర్నరును చదువురాని మోటువాడన్నాడు, అధ్యక్షుడు ఐసెన్‌హోవర్‌కు ధైర్యం లేదన్నాడు. తన జనాన్ని ఇలా చూసే ప్రభుత్వం తరఫున సోవియట్ యూనియన్ పర్యటనకు వెళ్ళనని తేల్చేశాడు. నల్లవారు, తెల్లవారు కలిసి వాయించే బృందాలను లూయిజియానా చట్టం నిషేధించినందుకు, 1956 నుంచి 1965 దాకా పుట్టిన ఊరిలోనే కచేరీ చేయలేదు. గిలెస్పీ కూడా తన ఆత్మకథలో, ఆ నవ్వును తాను తప్పుగా చదివాననీ, జాతివివక్ష తన ఆనందాన్ని దోచుకోకుండా చూసుకోవడమే ఆర్మ్‌స్ట్రాంగ్ చేసిన పని అనీ రాసుకున్నాడు.

మళ్ళీ – కొత్తశ్రోత

అందరికీ కృతజ్ఞతలు. నిన్న రాత్రి "వెస్ట్ ఎండ్ బ్లూస్"ను గొంతు కోసమే మళ్ళీ విన్నాను. క్లారినెట్‌తో ఆ సంభాషణను ఇన్నిసార్లు విని కూడా పట్టించుకోలేదని సిగ్గుపడ్డాను. బ్యాండుమాస్టారికి ఒక ప్రశ్న: 1964లో బీటిల్స్‌ను తోసి అమెరికాలో మొదటి స్థానానికి వచ్చిన "హలో, డాలీ!" రికార్డులో ట్రంపెట్ ఆయనదేనా? అప్పటికి ఆయనకు అరవై రెండేళ్ళు కదా.

జవాబు – బ్యాండుమాస్టారు

ఆయనదే బాబూ. 1963 డిసెంబరులో రికార్డు చేశారు. మొదట బాంజో, తరువాత గొంతు, నడుమ ట్రంపెట్ వస్తాయి. ఎక్కడా సాము చేయడు, పాట వరుసనే తీసుకుని కొద్ది స్వరాలతో, ప్రతి స్వరమూ నిండుగా ఊదుతాడు. ఎక్కడ ఊపిరి తీసుకుంటున్నాడో గమనించండి, పాడేటప్పుడు తీసుకున్న చోటనే అక్కడా తీసుకుంటాడు. 1969 నాటి జేమ్స్ బాండ్ చిత్రంలోని పాట మాత్రం వేరు. అప్పటికి జబ్బుపడి వాద్యం పట్టే స్థితిలో లేడు, పాడింది ఆయన, ఊదింది వేరొకరు. రెండూ పక్కపక్కన పెట్టి వింటే, రెండవదానిలో గొంతు ఆగిన చోట ఎవరు రావాలో మీ చెవికే తెలుస్తుంది.