108 కాల్ సెంటర్ సిబ్బంది ఒత్తిడిని కొలవడానికి ఏ ప్రశ్నావళి సరిపోతుంది?

ప్రశ్న (పీజీ విద్యార్థిని):
108 వంటి అత్యవసర సేవలో ఫోన్లు ఎత్తే ఎనభై మంది ఉద్యోగుల ఒత్తిడిపై ప్రాజెక్టు రిపోర్టు రాస్తున్నాను. 1983లో షెల్డన్ కోహెన్, ఆయన సహచరులు వెలువరించిన పర్సీవ్‌డ్ స్ట్రెస్ స్కేల్‌ను, అందులోనూ పది ప్రశ్నల రూపాన్ని వాడమని మా గైడ్ గారు చెప్పారు. అది ఒక్కటే సరిపోతుందా? లాలాజలంలో కార్టిసాల్ (ఒత్తిడి వేళ పెరిగే హార్మోను) పరీక్ష కూడా చేయించమంటారా?

జవాబు 1 (మనస్తత్వశాస్త్ర అధ్యాపకుడు):
ఆ స్కేల్ గడిచిన నెల రోజుల జీవితం మొత్తాన్ని అడుగుతుందే తప్ప ఉద్యోగాన్ని విడదీసి అడగదు కాబట్టి, ఇంటి అప్పు గురించిన దిగులు కూడా 40కి వచ్చే ఆ మార్కుల్లో కలిసిపోతుంది. దానికి తోడుగా, బర్నౌట్‌ను, అంటే దీర్ఘకాలపు ఒత్తిడితో వచ్చే తీవ్ర అలసటను కొలిచే 2005 నాటి కోపెన్‌హేగన్ బర్నౌట్ ఇన్వెంటరీని తీసుకోండి. అందులోని 19 ప్రశ్నలు వ్యక్తిగత అలసటను, పని వల్ల కలిగే అలసటను, సేవ పొందేవారితో వ్యవహరించడం వల్ల కలిగే అలసటను వేర్వేరుగా కొలుస్తాయి. బర్నౌట్‌నే కొలిచే మాస్లాక్ ప్రశ్నావళికి లాగా దీనికి రుసుము చెల్లించనక్కరలేదు. ఇక కోహెన్ స్కేల్‌లో 4, 5, 7, 8 ప్రశ్నలకు మార్కులను తిరగవేసి (0ను 4గా, 1ని 3గా, అలా) లెక్కించాలి. విద్యార్థుల రిపోర్టుల్లో నాకు తరచుగా కనిపించే తప్పు అలా చేయకపోవడమే.

కార్టిసాల్ జోలికి వెళ్లవద్దు. నిద్ర లేచిన అరగంటకు పెరిగి, రాత్రికి తగ్గే హార్మోను అది. వారం వారం షిఫ్టులు మారేవారి దగ్గర ఒక్కసారి తీసిన నమూనా ఒత్తిడిని చూపుతోందో, నిద్ర వేళల మార్పును చూపుతోందో తేల్చలేరు.

జవాబు 2 (గతంలో ఇదే పని చేసినవారు):
అమ్మా, ఏ స్కేల్ అన్నదానికంటే ఫారం ఎవరి చేతికి తిరిగి వెళుతుందన్నది ముఖ్యం. మా దగ్గర ఒకసారి నైట్ షిఫ్టు దిగే వేళ, క్యాబ్ హారన్ కొడుతుండగా, సూపర్‌వైజరే ఫారాలు పంచి తానే వసూలు చేసుకున్నారు. అందరం ‘ఎప్పుడూ లేదు’ అన్న గడిలోనే టిక్కు పెట్టి ఇచ్చేశాం. పేరు, ఉద్యోగి నంబరు లేకుండా, మూసిన పెట్టెలో వేయించండి. అందరికీ షిఫ్టులో ఒకే దశలో ఇవ్వండి.

ఇంకొక మాట. ఊరికే చేసి ఆటపట్టించే ఫోన్లు చిరాకు తెప్పిస్తాయి కానీ ఇంటిదాకా వెంట రావు. నీళ్ల తొట్టిలో పడిన బిడ్డను ఒళ్లో పెట్టుకుని తల్లి ఏడుస్తుంటే అంబులెన్స్ చేరేవరకు లైనులోనే ఉంటాం. అది చేరగానే లైను తెగుతుంది, మరుక్షణం ఇంకో ఫోను మోగుతుంది. ఆ బిడ్డ బతికిందో లేదో మాకు తెలియదు. మీ ప్రశ్నావళిలో దీనికి చోటు ఉండేలా చూడండి.

ప్రశ్న వేసినవారు:
ధన్యవాదాలండి. కార్టిసాల్ ఆలోచన మానుకున్నాను. తెలుగు అనువాదంలో ‘ఒత్తిడి’ అని రాయాలా, ‘టెన్షన్’ అని రాయాలా?

జవాబు 1:
ముందు ఐదారుగురికి రెండూ చదివి వినిపించి, వారు దేన్ని ఏ అర్థంలో తీసుకున్నారో వారి మాటల్లోనే చెప్పించుకోండి. ఆ తరువాత మీ తెలుగు పాఠాన్ని, మూలం చూడని వేరొకరి చేత తిరిగి ఇంగ్లీషులోకి మార్పించి పోల్చండి. ఫోన్ల ఫలితం తెలియకపోవడంపై అడిగే ప్రశ్నను మాత్రం స్కేల్ మార్కులలో కలపకుండా విడిగా చూపండి.