“దివ్య హంపి నోర్చె …” ఆ తరువాతి మాట ఏది?

కడప నుంచి: 2025 జూలైలో జార్జియాలోని బటూమిలో కోనేరు హంపిపై దివ్య దేశ్‌ముఖ్ గెలిచిన మహిళల చదరంగ ప్రపంచ కప్పు ఫైనల్ ముగిసిన కొద్ది రోజులకు, మా ఊరి సాహిత్య సభలో ఒక పెద్దాయన ఆశువుగా చెప్పిన ఆటవెలదిలో “దివ్య హంపి నోర్చె … తోడ” అన్న చివరి పాదమే నాకు గుర్తుంది. నాలుగో గణం జారిపోయింది. ఎవరైనా విన్నారా?

కర్నూలు నుంచి: పాదం మొదటి అక్షరం “ది”తో నాలుగో గణం మొదటి అక్షరం కలవాలన్న యతిని బట్టి అది “దీక్ష” అయి తీరాలి. 2019లోనూ 2024లోనూ ప్రపంచ ర్యాపిడ్ కిరీటం గెలిచిన హంపిని, రెండు క్లాసికల్ ఆటలూ తొలి ర్యాపిడ్ ఆటా డ్రా అయ్యాక, రెండో ర్యాపిడ్‌లో నల్లపావులతో ఓడించడానికి పందొమ్మిదేళ్ల అమ్మాయికి దీక్ష కాక మరేం కావాలి?

అనంతపురం నుంచి: “తెలివి” కూడా నిలుస్తుందండీ, మూడు లఘువుల నగణమూ ఈ పాదానికి కావలసిన సూర్యగణమే కదా. అయితే “ఓర్చెన్” ద్రుతాంతం, అంటే నకారంతో ముగిసేది కనుక, తరువాతి “తె” “దె”గా మారి “నోర్చెఁ దెలివి తోడ” అనాలి. అక్కడ “తె” రాస్తే నేను ఒప్పుకోను.

కర్నూలు నుంచి: సరళాదేశం మాకూ తెలుసు మాష్టారూ. కానీ హంపి సమయం చాలక తడబడిన ఆటలో గెలుపును తెలివికి కట్టబెట్టడం అర్థానికి అన్యాయం.

ప్రొద్దుటూరు నుంచి: అందరూ నాలుగో గణం చుట్టూ తిరుగుతున్నారు గాని, అసలు ముడి “ఓర్చె”లో ఉంది. కావ్యభాషలో అది జయించింది, నేటి వాడుకలో సహించింది. మూడు డ్రాలను సహించి నాలుగో ఆటలో జయించిన అమ్మాయి గురించి ఆ మాట వాడిన కవికి రెండర్థాలూ తెలియకపోవు. వేమన అయితే “గెలిచె” అని ఒక్క మాటలో తేల్చేసేవాడు. శ్లేష ఆయన దారి కాదు.

అనంతపురం నుంచి: మా కటారుపల్లిలో సమాధి ఉన్న కవికి శ్లేష రాదనకండి.

కడప నుంచి: సమాధి మీది కావచ్చు, ఆ పద్యాలను 1829లో అచ్చుకెక్కించిన బ్రౌను దొర బంగళా మాది.

ప్రొద్దుటూరు నుంచి: అచ్చు వేసినవారికి శ్లేషతో ఏం పని? ఇంతకీ ఆ పద్యంలో హంపిని గూర్చి ఒక పాదమైనా ఉందా? పదిహేనేళ్లకే గ్రాండ్‌మాస్టరైన మనిషిని, 38 ఏళ్ల వయసులో ఫైనల్ దాకా వచ్చినప్పుడు, ఉత్త కర్మకారకంగా వదిలేసి ఉంటే నాకు ఆ పెద్దాయనతో పేచీ ఉంది.

కర్నూలు నుంచి: ఆ పాదం ఎలా ఉన్నా, నాలుగో గణం “దీక్ష”నే.