టెక్సాస్, ఏ అండ్ ఎం ఆట తిరిగొచ్చింది సరే, ఓక్లహోమా వైరం ఏమైంది?

మెరూన్ మామయ్య: కాన్ఫరెన్సులు, అంటే జట్లు ఆడే లీగులు, మారితే అమెరికా కాలేజీ ఫుట్‌బాల్‌లో పాత వైరాలు చచ్చిపోతాయని ఏడ్చేవారికి ఒక మాట. 2011లో ఆగిన మా ఏ అండ్ ఎం, టెక్సాస్ ఆట 2024లో మళ్లీ మొదలైంది. రెండు జట్లూ ఎస్‌ఈసీ అనే ఒకే కాన్ఫరెన్స్‌లో ఉన్నాయి కనుకే. ఇంకేం కావాలి?

ఆస్టిన్ అల్లుడు: ఆగింది మీరు మా బిగ్ 12 కాన్ఫరెన్స్ వదిలి లేచిపోయినందుకు. అదీ రాయండి.

మెరూన్ మామయ్య: ఎందుకు లేచామో మీరు రాయండి. క్రీడల చానల్ ఈఎస్‌పీఎన్‌తో 20 ఏళ్లకు 30 కోట్ల డాలర్ల సొంత చానల్ పెట్టుకున్నది ఎవరు? ఒకే విస్తట్లో తింటూ కూరంతా తమవైపు లాక్కుంటే పక్కవాడు కూర్చుంటాడా?

ఆస్టిన్ అల్లుడు: 2011లో 27–25. 2024లో 17–7. రెండూ మావే, టెక్సాస్‌వే.

చూసిపోయేవాడు: మామా అల్లుళ్ల పంచాయితీ బాగుంది.

స్టిల్‌వాటర్ శీను: 2024 జూలై 1న టెక్సాస్‌తో పాటు ఓక్లహోమా కూడా ఎస్‌ఈసీకి వెళ్లింది. మా ఓక్లహోమా స్టేట్ బిగ్ 12లో మిగిలిపోయింది. ఈ రెండు జట్ల మధ్య ఆట, మా ‘బెడ్లమ్’ ఫుట్‌బాల్‌కు 2023 నవంబర్ 4 ఆఖరి రోజు. నా పాత రూమ్మేటు ఓక్లహోమా జట్టు ఊరు నార్మన్‌లో ఉంటాడు. ఏటా వాడు ఎర్ర చొక్కా, నేను నారింజ చొక్కా, కారు డిక్కీ తెరిచి పులిహోర. ఆ రోజు మేం 27–24తో గెలిచాం, మా జనం మైదానంలోకి దూకారు. వాడు పులిహోర డబ్బాకు మూత పెట్టి, మాట్లాడకుండా కారెక్కాడు. మరుసటి ఏడు రమ్మంటే, ‘ఆట లేదుగా’ అన్నాడు.

ఆస్టిన్ అల్లుడు: బెడ్లమ్‌లో 91 గెలుపులు ఓక్లహోమావి, 20 మీవి. దాన్ని వైరం అంటారా?

స్టిల్‌వాటర్ శీను: ఏ అండ్ ఎం మీ మీద గెలిచింది 37. ఓడింది అంతకు రెట్టింపు పైనే. దాన్నీ అనకండి మరి.

మెరూన్ మామయ్య: మధ్యలో మేమేం చేశాం? కాన్ఫరెన్స్ బయట ఆడుకోండి. పిట్స్‌బర్గ్, వెస్ట్ వర్జీనియా 2022లో మొదలుపెట్టలేదా? కాన్సస్, మిస్సోరీ 2025లో ఆడలేదా?

స్టిల్‌వాటర్ శీను: ఆ మిస్సోరీ ఎస్‌ఈసీకి వెళ్లింది మీతోపాటే, 2012లో. కాన్సస్ వాళ్లు అన్నేళ్లూ ఏం చేశారో అడిగారా? మీ ఆటను తెచ్చిన ఎస్‌ఈసీ సంతకమే మా ఆటను తీసేసింది. మీరు పండగ చేసుకుంటే నాకు మంట. అంతే, ఇంకే లెక్కలూ లేవు.

మెరూన్ మామయ్య: మేం 13 ఏళ్లు ఆగాం. మీరూ ఆగండి.

స్టిల్‌వాటర్ శీను: మా ఇద్దరికీ యాభై దాటాయి.

ఆస్టిన్ అల్లుడు: నార్మన్ గంటన్నర దూరం. ఆట లేకపోతే వెళ్లకూడదా శీనుగారూ?

స్టిల్‌వాటర్ శీను: ఏ చొక్కా వేసుకుని వెళ్లమంటారు?