సింగపూర్ క్రూజ్‌కి ఫ్లైట్: వైజాగ్ నుంచి డైరెక్టా, చెన్నై మీదుగా విడి టికెట్లా?

కంచరపాలెం కుర్రోడు:
అందరికీ నమస్తే. డిసెంబర్ మొదటి వారంలో సింగపూర్ నుంచి నాలుగు రాత్రుల క్రూజ్ బుక్ చేశాను, పెనాంగ్, ఫుకెట్ తిప్పి మళ్లీ సింగపూర్‌లోనే దింపుతారు. నేను, మా ఆవిడ, బాబు, అమ్మా నాన్న. షిప్ శుక్రవారం సాయంత్రం మెరీనా బే నుంచి బయల్దేరుతుంది. క్రూజ్ డబ్బులు కట్టేశాను, ఇప్పుడు ఫ్లైట్ దగ్గర ఆగిపోయాను. ఇక్కణ్ణుంచి స్కూట్ ఎయిర్‌లైన్ డైరెక్ట్ ఫ్లైట్ రేటు బాగా ఎక్కువుంది. చెన్నై దాకా ఒక టికెట్, అక్కణ్ణుంచి ఇంకో టికెట్ విడిగా తీసుకుంటే మనిషికి రానూపోనూ ఏడు వేల దాకా తగ్గుతోంది. ఐదుగురికి ముప్పై ఐదు వేలు, నాకు చిన్న డబ్బు కాదు. వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి.

ఎండాడ టెకీ:
చెన్నై మీదుగా వెళ్లు బ్రో, ఆలోచించకు. అక్కణ్ణుంచి సింగపూర్‌కి రోజుకి చాలా ఫ్లైట్లు, వేర్వేరు కంపెనీలు పోటీ పడతాయి కాబట్టి రేటు దిగుతుంది. మనకి ఉన్నదొక్కటి, వాళ్లు ఎంతంటే అంత. గూగుల్ ఫ్లైట్స్‌లో డేట్ గ్రిడ్ తెరిచి మంగళ, బుధ, గురు మార్చి మార్చి చూడు. భువనేశ్వర్ నుంచి కూడా సింగపూర్‌కి ఏమైనా ఉన్నాయేమో చూడు, అక్కడికి వందేభారత్‌లో వెళ్లిపోవచ్చు. ఇంకోటి, బేసిక్ రేటు చూసి మోసపోకు. స్కూట్‌లో చేతి సామాను పది కిలోలే, చెకిన్ బ్యాగ్, భోజనం, సీటు అన్నీ విడిగా కొనాలి. అన్నీ కలిపాకే పోల్చు.

సీతమ్మధార మాస్టారు:
బాబూ, ఆ సలహా వినొద్దు. రెండు వేర్వేరు టికెట్లంటే రెండో కంపెనీకి మీ మొదటి ఫ్లైట్ సంగతే తెలీదు. వైజాగ్‌లో లేటైతే చెన్నైలో మిమ్మల్ని నో షో, అంటే రాలేదని రాసేసి డబ్బులు మింగేస్తారు. అక్కడ బ్యాగులు దింపుకుని, బయటికొచ్చి, ఇంటర్నేషనల్ వైపు వెళ్లి మళ్లీ చెకిన్, ఆపైన ఇమ్మిగ్రేషన్. పెద్దవాళ్లతో, పిల్లాడితో. అదీ డిసెంబర్‌లో చెన్నై! 2023 డిసెంబర్ 4న మిచాంగ్ తుఫానుకి రన్‌వే మీద నీళ్లు నిలిచి ఎయిర్‌పోర్టు మూసేశారు, మర్నాడు పొద్దున గానీ తెరవలేదు. ఫ్లైట్ అయితే రేపు ఇంకోటి ఇస్తారు, షిప్ మీ కోసం ఆగదు. బయల్దేరే టైముకి గంట, గంటన్నర ముందే చెకిన్ కట్టేస్తారు, రాని వాళ్లకి పైసా వెనక్కివ్వరు. డైరెక్ట్‌లో రాత్రి ఇక్కడ ఎక్కితే తెల్లారేసరికి సింగపూర్ చాంగీ ఎయిర్‌పోర్టులో ఉంటారు, నాలుగు గంటల ప్రయాణం. గురువారం రాత్రి కాదు, బుధవారం రాత్రే ఎక్కండి.

పెందుర్తి ప్యాసింజర్:
ఇన్‌కాగ్నిటోలో, అదే బ్రౌజర్ ప్రైవేట్ మోడ్‌లో చూడండి, మామూలుగా పదిసార్లు వెతికితే రేటు పెంచేస్తారు.

ఎండాడ టెకీ:
పెందుర్తి అన్నా, అది అందరూ చెప్పేదే గానీ రేటు మారేది అందుకు కాదు. ఒకే విమానంలో సీట్లని రేటు క్లాసులుగా విడగొడతారు, చవకవి అయిపోతే పై క్లాస్ తెరుస్తారు. కుర్రోడు బ్రో, నీకు పనికొచ్చేది ఇది: ఐదుగురికి కలిపి వెతికితే, చవక క్లాస్‌లో మూడు సీట్లే మిగిలుంటే సిస్టమ్ ఐదుగురికీ పై రేటే చూపిస్తుంది. ఒక్కరికి వెతికి చూడు, తర్వాత ఇద్దరికి, ముగ్గురికి. రేటు ఎక్కడ ఎగిరిందో తెలుస్తుంది, అక్కడ విడగొట్టి రెండు బుకింగులు చేసుకో.

ఇక మాస్టారూ, తుఫాను అంటున్నారు కదా. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్‌కి మన ఎయిర్‌పోర్టు పైకప్పే పోయింది, రోజుల తరబడి మూతపడింది. 2025 అక్టోబర్‌లో మొంథా వచ్చినప్పుడూ ఇక్కడ ఫ్లైట్లు క్యాన్సిల్ చేశారు. తుఫాను ఒక్క చెన్నైకే వస్తుందా? ఇక్కడ ఉన్న ఒక్క ఫ్లైటూ పోతే గతేంటి, చెన్నైలో అయితే అదే రోజు ఇంకో కంపెనీది దొరుకుతుంది.

పెందుర్తి ప్యాసింజర్:
నా ఫోన్‌లో నేను కళ్లారా చూశాను తమ్ముడూ, పొద్దున ఒకటి సాయంత్రం ఒకటి. ఇన్‌కాగ్నిటోలో తగ్గింది.

గాజువాక అక్క:
విడి టికెట్లు తీసుకున్నదాన్ని నేను, నేను చెప్తాను. మావారు, అత్తగారు, పిల్లలతో ఇలాగే క్రూజ్‌కే బయల్దేరాం, చెన్నైలో నాలుగు గంటల గ్యాప్ ఉంది, చాలదా అనుకున్నాం. వైజాగ్‌లోనే ఫ్లైట్ లేటు, ఎక్కి కూర్చున్నాక కూడా లోపలే ఆపేశారు. చెన్నైలో బెల్ట్ దగ్గర మా పెద్ద సూట్‌కేస్ అందరికన్నా చివర్న వచ్చింది, అత్తగారు మోకాళ్లు పట్టుకుని ట్రాలీ మీదే కూర్చున్నారు. ఇంటర్నేషనల్ కౌంటర్‌కి పరిగెత్తేసరికి మా ఫ్లైట్ నంబర్ బోర్డు మీద ఉంది గానీ కౌంటర్‌లో అమ్మాయి బెల్ట్ మీద అడ్డంగా ప్లాస్టిక్ చైన్ కట్టేస్తోంది. బతిమాలాం, ఏడ్చాం, కౌంటర్ క్లోజ్ అయిపోయింది మేడమ్ అన్న ఒక్క మాటే. మర్నాటి టికెట్ కొంటే షిప్ అందదు. క్రూజ్ డబ్బు మొత్తం పోయింది. ఇన్సూరెన్స్ వాళ్లు రెండు టికెట్లూ వేర్వేరు కాబట్టి అది మిస్డ్ కనెక్షన్ కిందకి రాదన్నారు. అత్తగారు ఆ తర్వాత ఎక్కడికి రమ్మన్నా రానంటారు. ఏడు వేల కోసం ఇదంతా పడాలా?

మర్రిపాలెం:
అక్కా చదువుతుంటేనే బాధేసింది 😔

ఎండాడ టెకీ:
అక్కా, మీకు జరిగింది దారుణం, కాదనను. కానీ అది విడి టికెట్ తప్పు కాదు, గ్యాప్ తప్పు. షిప్ ఎక్కేవాళ్లు నాలుగు గంటలు పెట్టుకోకూడదు, ముందు రోజు చెన్నై చేరి రాత్రి పడుకోవాలి.

గాజువాక అక్క:
నాలుగు గంటలు తక్కువా? ఆ టికెట్ అమ్మినవాడే నాలుగు గంటలు బోలెడన్నాడు.

ఎండాడ టెకీ:
ఇంటర్నేషనల్‌కి మూడు గంటల ముందు రమ్మంటారు, బ్యాగుల కోసం గంట వేసుకోండి, ఇక లేటుకి ఏం మిగిలింది? ఆరు అయినా ఉండాలి. షిప్ ఉంటే ఒక రాత్రి.

సీతమ్మధార మాస్టారు:
సరే బాబూ, రాత్రి పడుకోబెట్టు. చెన్నైలో ఐదుగురికి రెండు రూములు, ఎయిర్‌పోర్టు నుంచి క్యాబ్, మళ్లీ క్యాబ్, రెండు పూటల భోజనం. పన్నెండు వేలైనా అవుతాయి. డొమెస్టిక్‌లో పదిహేను కిలోలే ఉచితం, సింగపూర్ నుంచి తిరిగొచ్చే సామానుకి అక్కడ ఎక్స్‌ట్రా. ముప్పై ఐదులో ఇరవై మిగిలితే గొప్ప. ఆ ఇరవై వేలకి ముసలివాళ్లని రెండు ఎయిర్‌పోర్టుల్లో తిప్పుతావా?

ఎండాడ టెకీ:
ఇరవై వేలు ఇరవై వేలే కదండీ.

అక్కయ్యపాలెం:
ఒకే పీఎన్ఆర్ మీద వైజాగ్-చెన్నై-సింగపూర్ తీసుకుంటే గొడవే లేదు. మొదటిది లేటైతే తర్వాతి ఫ్లైట్‌లో ఎక్కించే బాధ్యత వాళ్లదే, బ్యాగ్‌కి కూడా ఇక్కడే సింగపూర్ ట్యాగ్ వేస్తారు. రేటు రెండింటికీ మధ్యలో ఉంటుంది.

డాబాగార్డెన్స్ ట్రావెల్స్:
సర్ మా దగ్గర ఫ్లైట్, క్రూజ్, హోటల్, వీసా కలిపి ప్యాకేజీ ఉంది, టెన్షన్ ఫ్రీ.

సీతమ్మధార మాస్టారు:
ప్యాకేజీగా కొంటే టీసీఎస్, అదే ముందే వసూలు చేసే ఇన్‌కమ్ ట్యాక్స్, పడుతుందని కూడా చెప్పండి సార్. ఉత్త ఫ్లైట్ టికెట్ ఒక్కటే కొంటే టూర్ ప్యాకేజీ కిందకి రాదు, టికెట్‌తో పాటు హోటలో ఇంకోటో కలిస్తేనే ప్యాకేజీ. కట్టింది తర్వాత రిటర్న్‌లో క్రెడిట్ వస్తుంది, కానీ అప్పటిదాకా డబ్బు మనది కాదు.

మర్రిపాలెం:
అసలు మన పోర్టులోనే 96 కోట్లతో క్రూజ్ టెర్మినల్ కట్టారు కదా, 2023లో ఓపెనింగ్ కూడా అయింది. ఇక్కణ్ణుంచే సింగపూర్‌కి షిప్ వేస్తే ఈ గోలే ఉండదు.

ఎండాడ టెకీ:
ఒకవేళ షిప్ తప్పినా పెనాంగ్ వెళ్లి ఎక్కవచ్చు, ప్రపంచం మునిగిపోదు.

సీతమ్మధార మాస్టారు:
క్రూజ్ వాళ్లు పర్మిషన్ ఇస్తేనే. అందుకు ఐదుగురికీ అప్పటికప్పుడు పెనాంగ్ టికెట్లు ఎవడు కొంటాడు? ప్రతిదానికీ ఒక జవాబు పట్టుకొస్తావేటి. మీలాంటి కుర్రాళ్ల వల్లేనయ్యా ఈ ఊరి నుంచి ఒక్కో ఫ్లైటూ పోతోంది. 2017లో శ్రీలంకన్ వాళ్లు కొలంబోకి వేశారు, నిలబడలేదు. 2024లో ఎయిర్ ఏషియా బ్యాంకాక్, కౌలాలంపూర్ మొదలెడితే ఊరంతా పండగ చేసుకున్నాం. సీట్లు నిండకపోతే ఎవడుంచుతాడు? ఐదు వేలు తగ్గిందని అందరూ చెన్నైకీ హైదరాబాద్‌కీ పోతే, రేపు సింగపూర్ ఫ్లైట్ కూడా ఎత్తేస్తారు, అప్పుడు కూర్చుని వైజాగ్‌కి ఏమీ ఇవ్వట్లేదని పోస్టులు పెడతారు.

ఎండాడ టెకీ:
ఇదా విషయం. ఇంతసేపూ తుఫాను, నో షో అన్నీ చెప్పి, చివరికి ఊరి కోసం నేను ఎక్కువ కట్టాలంటారు. ఎందుకు కట్టాలండీ? ఊరి మీద అభిమానం ఉంటే మీరు కట్టండి. మా చెల్లి సింగపూర్‌లో ఉంటుంది. దాని డెలివరీ టైముకి ఇక్కణ్ణుంచి డైరెక్ట్ రేటు చూస్తే అమ్మని పంపే స్థోమత మాకు లేదు, నాన్న ఆటో నడుపుతారు, నాకు అప్పటికి ఉద్యోగం లేదు. రాత్రి రైల్లో చెన్నై తీసుకెళ్లి, పొద్దంతా సెంట్రల్ వెయిటింగ్ హాల్లో కూర్చోబెట్టి, సాయంత్రం లోకల్ ట్రైన్‌లో ఎయిర్‌పోర్టుకి తీసుకెళ్లి ఎక్కించాను. ఆ చవక టికెట్ వల్లే అమ్మ మనవరాలిని చూసింది. అప్పుడు నేను వైజాగ్ ఫ్లైట్ నింపలేదని ఎవరైనా అంటే నేనేం చెప్పాలి?

సీతమ్మధార మాస్టారు:
మీ అమ్మగారికి తోడు నువ్వున్నావు బాబూ, చెన్నై దాకా తీసుకెళ్లి ఎక్కించావు. మాకెవరున్నారు? మా అబ్బాయిదీ సింగపూరే. మా ఆవిడకి ఇంగ్లీషు రాదు, మోకాళ్లకి ఆపరేషన్ అయింది. ఇక్కడ లోపలికెళ్లి కూర్చుంటే దిగేది అక్కడే, తప్పిపోయే వీల్లేదు కాబట్టి ఒక్కతే ధైర్యంగా వెళ్లొచ్చేది. కరోనాకి ఆ ఫ్లైట్ ఆగిపోయింది. తర్వాత దారులు తెరిచాక అబ్బాయి హైదరాబాద్ మీదుగా రమ్మంటే వీల్‌ఛైర్ కోసం ఒక కాగితం పట్టుకుని అంత పెద్ద ఎయిర్‌పోర్టులో ఎవర్ని అడగాలో తెలీక భయపడి మానేసింది. డైరెక్ట్ మళ్లీ మొదలయ్యేదాకా కొడుకు మొహం ఫోన్‌లోనే చూసింది. నీకు అది రేటు, మాకు అదొక్కటే దారి. అది పోకూడదని చెప్తున్నాను, నీ జేబు మీద నాకు పగేమీ లేదు.

గాజువాక అక్క:
మాస్టారు చెప్పింది నిజం. ఇందాకట్నుంచి మీరిద్దరూ మాట్లాడుతున్నది టికెట్ రేటు గురించి కాదు.

ఎండాడ టెకీ:
అర్థమైంది మాస్టారూ. కానీ ఆ ఫ్లైట్ ఉండాలంటే గవర్నమెంటో ఎయిర్‌లైనో చూసుకోవాలి, కంచరపాలెంలో ఒకడు ఈఎంఐలు కడుతూ క్రూజ్‌కి డబ్బు కూడబెట్టుకుంటే వాడి మీద ఆ బరువు వేయకూడదు. ఈ మాట మీద మాత్రం నేను మారను.

పెందుర్తి ప్యాసింజర్:
భోగాపురం కొత్త ఎయిర్‌పోర్టు నుంచి ఫ్లైట్లు పూర్తిగా నడిస్తే అన్నీ వస్తాయి, రేట్లు అవే దిగుతాయి.

గాజువాక అక్క:
భోగాపురం మా గాజువాక నుంచి ఎంత దూరమో చూశారా అన్నయ్యా, క్యాబ్‌కే అయిపోతుంది.

కంచరపాలెం కుర్రోడు:
అందరికీ థాంక్స్. టెకీ అన్నా, నువ్వన్నట్టు ఒక్కరికి వెతికాను, నిజంగానే డైరెక్ట్ రేటు తగ్గింది, ముగ్గురి దాకా తక్కువే, నాలుగో మనిషి దగ్గర ఎగురుతోంది. బుధవారం రాత్రికి చూస్తే ఇంకొంచెం తక్కువ. నాకు ఒకటి తోచింది. వెళ్లేటప్పుడే కదా షిప్ తప్పే భయం, వచ్చేటప్పుడు లేటైతే ఇంటికి లేటవుతాం అంతే. అందుకని వెళ్లడానికి బుధవారం రాత్రి డైరెక్ట్, మూడు ఒక బుకింగ్, రెండు ఒక బుకింగ్. రావడానికి చెన్నై మీదుగా అక్కయ్యపాలెం గారు చెప్పిన ఒకే పీఎన్ఆర్. చవక ఎయిర్‌లైన్స్‌లో వన్ వే విడిగా తీసుకున్నా నష్టం లేదు కదా. గురువారం రాత్రి సింగపూర్ హోటల్ ఖర్చు కలిపినా పదివేలు పైనే మిగులుతోంది.

ఎండాడ టెకీ:
సూపర్ బ్రో. బాబూ, అమ్మానాన్నలూ నీకు దగ్గర్లోనే కూర్చోవాలంటే ముందు సీట్లు చూసుకో, రెండు పీఎన్ఆర్‌లకి పక్కపక్కన ఇవ్వకపోవచ్చు.

సీతమ్మధార మాస్టారు:
రావడం కూడా డైరెక్టే రా బాబూ. అంత తిరిగొచ్చాక మీ నాన్నగారు చెన్నైలో బ్యాగులతో నిలబడాలా.

అక్కయ్యపాలెం:
సింగపూర్ వీసా మల్టిపుల్ ఎంట్రీ ఉందో లేదో ఇప్పుడే చూసుకోండి, షిప్‌లో బయటికెళ్లి మళ్లీ లోపలికి రావాలి. ఎస్‌జీ అరైవల్ కార్డ్, అదే సింగపూర్‌కి ఆన్‌లైన్‌లో నింపే ఫారం, చేరే రోజుకి మూడు రోజుల లోపే నింపాలి, ప్రభుత్వ సైట్‌లో పూర్తిగా ఉచితం, డబ్బులు అడిగితే అది వేరే సైట్ అని అర్థం. మలేషియాకి డిజిటల్ అరైవల్ కార్డ్ విషయం క్రూజ్ వాళ్లనే అడగండి. నాన్నగారు మందులు వాడుతుంటే చీటీతో సహా చేతి సంచిలోనే పెట్టండి.

కంచరపాలెం కుర్రోడు:
సరేనండి. వీసా పేపర్లు రేపే తీసి చూస్తాను. మాస్టారూ, వచ్చేటప్పటిది రాత్రికి నాన్నని అడిగి చెప్తాను.