కె.సి. (కర్నూలు-కడప) కాలువ చివరి ఆయకట్టులో దమ్ము చేసి (నీరు పెట్టి మడిని బురదగా దున్ని) వరి నాటడం మానుకోవాలా?

చాపాడు రైతు:
సుంకేసుల దగ్గర తుంగభద్ర నుంచి బయలుదేరి 300 కిలోమీటర్లకు పైగా పారి కడప చేరే కాలువకు మనం చివరివాళ్లం. నీళ్లు మన తూములకు చేరితేనే దమ్ము, దమ్ము పూర్తయితేనే నాట్లు. ఈలోగా నారు ముదిరిపోతోంది. వానకే పొడి దుక్కిలో గొర్రుతో వడ్లు విత్తుకుని, కాలువ వచ్చాక తడులు పెట్టుకుంటే మేలని మా ఊళ్లో కొందరంటున్నారు. వరికి నిలువు నీరే ప్రాణమని పెద్దలంటున్నారు. చేసి చూసినవారు, చదువుకున్నవారు దయచేసి వివరంగా చెప్పండి.

నేల-నీరు:
అన్నా, పొడి దుక్కిలో విత్తడమే మేలని నా గట్టి అభిప్రాయం. నీటి పొదుపు కంటే పూత సమయమే ఇందులో పెద్ద విషయం. ఏ రకమైనా పైరు లోపల వెన్ను అంకురం ఏర్పడినప్పటి నుంచి పూతకు దాదాపు నెల, పూత నుంచి కోతకు మరో నెల పడుతుంది. రకాల మధ్య తేడా అంతా పిలకలు వేసే కాలంలోనే ఉంటుంది. 1986లో బాపట్ల నుంచి విడుదలైన సాంబమసూరి, అదే మన బీపీటీ 5204, దాదాపు 150 రోజుల పంట కాబట్టి సుమారు 120వ రోజున పూతకు వస్తుంది. కాలువ కోసం చూసి ఆగస్టులో నారు పోస్తే ఆ పూత నవంబరు చివరికో డిసెంబరుకో జరుగుతుంది. పొట్ట దశలో, అంటే వెన్ను ఇంకా ఆకు తొడుగులోనే ఉండి పుప్పొడి తయారయ్యే రోజుల్లో, రాత్రి వేడి 20 డిగ్రీల కంటే తగ్గితే పుప్పొడి సరిగా ఏర్పడదు, గింజ కట్టదు. దాళ్వాలో, అంటే రబీ వరిలో, దీనికి తిరగబడిన కష్టం: పూత మీద ఉన్నప్పుడు ఎండ 35 డిగ్రీలు దాటితే పుప్పొడి ఎండి తాలు పెరుగుతుంది.

ఆలస్యంగా నాటిన మడిలో ఒక వెన్నును చేతిలోకి తీసుకుని కొస నుంచి మొదలు వరకు వేళ్లతో నొక్కి చూడండి. కొసన గింజలు గట్టిగా తగులుతాయి, కిందికి వచ్చేకొద్దీ పొట్టు మాత్రమే చేతికి వస్తుంది. దానికి యూరియా తక్కువైందని మరో బస్తా చల్లేవారిని చూస్తే బాధ కలుగుతుంది, ఎందుకంటే ఆ నష్టం ఎరువుతో పూడేది కాదు, పైగా అగ్గి తెగులుకు దారి ఇచ్చినట్లవుతుంది. నేరుగా విత్తిన పైరుకు పీకి నాటే దెబ్బ ఉండదు కనుక వారం, పది రోజులు ముందే కోతకు వస్తుంది.

దువ్వూరు కౌలు రైతు:
లెక్క బాగుంది గానీ, మన జిల్లాలో వాన ఎప్పుడు పడుతుందో కూడా చెప్పాలి కదా సార్. మనకు పెద్ద వానలు సెప్టెంబరు, అక్టోబరులవి. జూన్‌లో ఒక పదునుకు విత్తి, తరువాత ఇరవై రోజులు వాన రాకపోతే మొలక మాడిపోతుంది. కౌలు మాత్రం కట్టవలసిందే. రెండోది కలుపు. దమ్ము చేసి నీరు నిలబెడితే ఊద గడ్డి చాలావరకు అణిగిపోతుంది. పొడి దుక్కిలో వరీ ఊదా ఒకేసారి మొలుస్తాయి, లేతగా ఉన్నప్పుడు కూలీలకు కూడా తేడా తెలియదు. మూడోది మన సున్నపు నల్లరేగడి. నీరు నిలిచిన నేలలో ఇనుము కరిగి వేరుకు అందుతుంది, ఆరుదల నేలలో అందదు. నెల పైరులో కొత్త ఆకులు పసుపు తిరిగి, ఆపైన కాగితంలా తెల్లబడడం మా పొలంలోనే జరిగింది. నిలువు నీరు పెద్దల అలవాటు మాత్రమే అనుకోకండి, దాని వెనుక కారణాలున్నాయి.

నేల-నీరు:
మీరు చెప్పిన కారణాలు మూడూ నిజమైనవే, అయితే మూడింటికీ ఒకే బరువు లేదు. ఆకు తెల్లబడితే లీటరు నీటికి 20 గ్రాముల అన్నభేది (ఇనుము ఉన్న లవణం), 2 గ్రాముల నిమ్మ ఉప్పు కలిపి వారం వ్యవధితో రెండు మూడుసార్లు పిచికారీ చేస్తే పచ్చదనం తిరిగి వస్తుంది. కలుపు విషయంలో, తొలి వానకు మొలిచిన గడ్డిని గుంటకతో చంపి ఆ తరువాతే విత్తుకోవాలి, విత్తిన 48 గంటల్లోపు తడి నేల మీద పెండిమిథాలిన్ అనే కలుపు మందు చల్లాలి. ఇవి చేయలేనివారు పొడి దుక్కి జోలికి పోకపోవడమే మంచిది.

తడి ఆరుదల, అంటే నీరు ఎప్పుడూ నిలపకుండా మడిని ఆరనిచ్చి మళ్లీ తడి పెట్టే పద్ధతి గురించి ఒక హెచ్చరిక అవసరం. చిల్లులున్న గొట్టాన్ని మడిలో పాతి, నీటిమట్టం 15 సెంటీమీటర్ల లోతుకు దిగాక మళ్లీ తడి పెట్టమని పుస్తకాల్లో ఉంటుంది. ఎర్ర నేలలో అది సాగుతుంది. రేగడిలో గొట్టం చెప్పేదాకా ఆగితే నేల నెర్రెలిచ్చి, మళ్లీ పెట్టిన నీరంతా ఆ నెర్రెల గుండా లోపలికి పోతుంది. పొదుపు అనుకున్నది రెట్టింపు ఖర్చవుతుంది. వెంట్రుకంత పగులు కనిపించగానే నీరు పెట్టాలి. పూతకు ముందు నుంచి గింజ పాలు పోసుకునే వరకు అసలు ఆరనివ్వకూడదు.

ఇక మీ మొదటి అభ్యంతరానికి నా దగ్గర మందు లేదు. బోరు ఉన్న పొలానికి ఒక రక్షక తడి దొరుకుతుంది, కాలువే దిక్కైన కౌలు పొలానికి దొరకదు. అటువంటి చోట దమ్ము మానడం కంటే 120, 125 రోజుల రకానికి మారడం ముందు చేయవలసిన పని.

దువ్వూరు కౌలు రైతు:
బీపీటీ వడ్లకు వచ్చే ధర వేరే సన్నరకానికి ఇవ్వమని వ్యాపారులు కల్లంలోనే చెబుతారు, అందుకే రకం మార్చడానికి చెయ్యి ఆడదు. కాలువ వదిలే తేదీని జూన్ మొదట్లోనే ప్రకటించి దానికి కట్టుబడితే, ఏ రకం వేయాలో, ఎలా విత్తాలో మేమే తేల్చుకుంటాం. అలా జరిగిన ఏడు నేనూ ఒక ఎకరం గొర్రుతో విత్తడానికి సిద్ధం.