ఇంట్లో చేసిన బాస్: ఇ తీగ 12వ ఫ్రెట్ షార్ప్, శాడిల్ ఇంక వెనక్కి పోవట్లేదు (ఇంకో మూడు సందేహాలు కూడా)

నాలుగు తీగలు:
నేను సొంతంగా చేసిన 4 తీగల బాస్ గిటార్ ఇది. స్కేల్, అంటే నట్ (తల దగ్గర తీగలు ఆనే పట్టీ) నుంచి శాడిల్ (బ్రిడ్జ్ మీద తీగ ఆనే ముక్క) దాకా లెక్క ప్రకారం ఊగే పొడవు, 34 అంగుళాలు (863.6 మి.మీ.). బాడీ పనస, నెక్ మూడు పొరల టేకు, ఫింగర్‌బోర్డ్ ఇరుగుడు, 20 ఫ్రెట్లు (తీగ నొక్కి పట్టే చోట అడ్డంగా ఉండే లోహపు పట్టీలు), రెండువైపులా పనిచేసే ట్రస్ రాడ్ (నెక్ లోపల ఉండి దాని వంపు సరిచేసే కడ్డీ), నెక్ బోల్టులతో బిగించింది. ఫెండర్ జాజ్ బాస్ తరహా పికప్‌లు (తీగ ఊగును విద్యుత్ సంకేతంగా మార్చేవి) రెండు, మామూలు వంచిన రేకు బ్రిడ్జ్. తీగలు 45-65-85-105 (మందం, అంగుళంలో వెయ్యో వంతుల్లో) స్టీల్ రౌండ్‌వౌండ్, కొత్తవి. కావాల్సింది 70ల ప్రోగ్రెసివ్ (ప్రోగ్) రాక్‌లో వినిపించే గరుకైన లోహపు మోత. యెస్ బ్యాండ్ బాసిస్టు క్రిస్ స్క్వైర్, రష్ బ్యాండ్ బాసిస్టు గెడ్డీ లీల దారి అన్నమాట.

సమస్యలు ఇవి. ఒకటి, ఇ తీగ (అన్నిటికన్నా లావుది) ఖాళీగా సరిగ్గా శృతి చేసినా 12వ ఫ్రెట్ నొక్కితే 14 సెంట్లు (సెంటు అంటే అర స్వరంలో నూరో వంతు) షార్ప్, అంటే శృతి ఎక్కువ, చూపిస్తోంది. శాడిల్ చివరిదాకా వెనక్కి లాగేశాను, మిగతా మూడు తీగలు కుదిరాయి. రెండు, జి తీగ (అన్నిటికన్నా సన్నది) మీద 5, 6 ఫ్రెట్లు మోగీ మోగగానే చచ్చిపోతున్నాయి. మూడు, రెండు పికప్‌లు రెండు ఆంప్‌లకు పోవాలని స్టీరియో జాక్ పెట్టాను. మామూలు కేబుల్ గుచ్చితే బ్రిడ్జ్ పికప్ అసలు వినపడదు. నాలుగు, భుజాన తగిలించుకుంటే తల నేలకు వాలుతోంది.

బ్రిడ్జ్ ఊడదీసి వెనక్కి జరపమంటారా?

చిత్రిక:
ఇప్పుడే డ్రిల్ ముట్టుకోవద్దు. ముందు నాలుగు కొలతలు పెట్టండి: నట్ ముందు అంచు నుంచి 12వ ఫ్రెట్ నడినెత్తికి ఎంత (431.8 మి.మీ. రావాలి), నెక్ వంపు ఎంత, 12వ ఫ్రెట్ మీద ఇ, జి తీగల ఎత్తు ఎంత, నట్ నుంచి ఇ శాడిల్ కొనకు ఎంత.

లెక్క ఎలాగంటే, 34 అంగుళాల స్కేల్‌లో ఒక్క సెంటు తేడాకు శాడిల్ అర మిల్లీమీటరు జరగాలి. 14 సెంట్లంటే 7 మి.మీ. అదంతా బ్రిడ్జ్ స్థానంలోనే పోయిందని అనుకోనక్కర్లేదు. తీగ ఎంత ఎత్తులో ఉంటే నొక్కినప్పుడు అంత సాగుతుంది, సాగిన మేరకు శృతి పెరుగుతుంది. పైగా 105 తీగ లావు వల్ల శాడిల్ దగ్గర వెంటనే వంగదు, నిజంగా ఊగే పొడవు మనం టేపుతో కొలిచిన దానికన్నా తక్కువ. అందుకే ఇ శాడిల్ ఎప్పుడూ జి శాడిల్ కన్నా వెనకే ఉంటుంది.

నాలుగు తీగలు:
12వ ఫ్రెట్‌కు 431.8 సరిగ్గానే ఉంది. నెక్ వంపు 8వ ఫ్రెట్ దగ్గర 0.9 మి.మీ. తీగ ఎత్తు ఇ 3.4, జి 2.6. ఇ శాడిల్ 867 దగ్గర, జి శాడిల్ 865 దగ్గర ఉన్నాయి.

చిత్రిక:
ఫ్రెట్ల కొలత బాగుంది, బ్రిడ్జ్ కూడా అంత ఘోరంగా లేదు. వంపే ఎక్కువ, దానివల్ల తీగ ఎత్తూ ఎక్కువ. ఇంటొనేషన్ (12వ ఫ్రెట్ దగ్గర కూడా శృతి కుదిరేలా శాడిల్ జరపడం) అన్నిటికన్నా చివర చేసే పని. వరస ఇలా: ట్రస్ రాడ్, నట్, తీగ ఎత్తు, ఆ తర్వాతే శాడిల్.

తీగలు పూర్తి శృతిలో ఉండగానే 1వ ఫ్రెట్ దగ్గర కేపో (తీగలన్నిటినీ నొక్కి పట్టే బిగింపు) వేయండి, ఆఖరి ఫ్రెట్ వేలితో నొక్కండి. 8వ ఫ్రెట్‌కూ ఇ తీగకూ మధ్య 0.3 నుంచి 0.35 మి.మీ. సందు మిగలాలి. ఫీలర్ గేజ్ (సన్నని సందులు కొలిచే రేకులు) బైకు విడిభాగాల షాపులో దొరుకుతుంది. లేకపోతే ఎలక్ట్రిక్ గిటార్ 0.012 అంగుళాల తీగ ముక్క చాలు, దాని మందం దాదాపు 0.3 మి.మీ. రాడ్‌ను పావు చుట్టు కన్నా ఎక్కువ ఒకేసారి తిప్పొద్దు. చాలా రాడ్‌లు సవ్యదిశలో తిప్పితే వంపు తగ్గిస్తాయి. రెండువైపులా పనిచేసే రాడ్‌లో నడుమ కొంచెం వదులు చోటు ఉంటుంది, అక్కడ ఏమీ మారలేదని కంగారుపడి గబగబా తిప్పితే రాడ్ తలకాయ విరుగుతుంది. మళ్లీ శృతి చేసి రాత్రంతా వదిలేసి పొద్దున కొలవండి. నాలుగు తీగలు కలిపి 80 కిలోల పైచిలుకు లాగుతాయి, టేకు ఆ లాగుడుకు సర్దుకోవడానికి టైము పడుతుంది.

తర్వాత నట్. 3వ ఫ్రెట్ దగ్గర నొక్కి పట్టి 1వ ఫ్రెట్ మీద సందు చూడండి. ఇ తీగకు 0.2 మి.మీ. ఉంటే చాలు, ఎక్కువుంటే ఆకురాయితో గాడి దించండి. గాడి అడుగు తల వైపు వాలాలి, వాలకపోతే సితార్‌లా జివ్వుమంటుంది.

తీగ ఎత్తు ఇ 2.2, జి 1.8 చేయండి. మీరు కోరే ఆ గరుకుకు ఇ తీగ గట్టిగా మీటినప్పుడు ఫ్రెట్లకు కాస్త తగలాలి కూడా. చివరగా, శాడిల్ ముందు, నట్ ముందు ప్రతి తీగనూ బొటనవేలితో కిందికి నొక్కండి. లావు తీగ అక్కడ విల్లులా వంగి ఉంటుంది, నొక్కితే మలుపు పదునెక్కుతుంది. ఈ ఒక్క పనితోనే కొన్నిసార్లు రెండు మూడు సెంట్లు దిగుతుంది.

నాలుగు తీగలు:
వంపు 0.35, ఎత్తు 2.2 చేశాక ఇ ఇప్పుడు 6 సెంట్లు షార్ప్. శాడిల్ మాత్రం చివర్లోనే ఆగిపోయింది.

చిత్రిక:
6 సెంట్లంటే 3 మి.మీ. ఆ శాడిల్‌ను ఆపుతున్నది వెనక స్ప్రింగ్. మర విప్పి, ఇ తీగ స్ప్రింగ్ తీసి, కటింగ్ ప్లయర్‌తో సగానికి కోయండి. బాగా నొక్కుకుపోయిన స్ప్రింగే అడ్డం కాబట్టి 3, 4 మి.మీ. సులువుగా వస్తుంది. స్ప్రింగ్ లేకుండా వదిలేయొద్దు, మర గలగలలాడుతుంది.

అదీ చాలకపోతేనే బ్రిడ్జ్ జరపడం. అప్పుడు పాత రంధ్రాల్లో గట్టి చెక్క డోవెల్ ఫెవికాల్‌తో కొట్టి, ఒక రోజు ఆరనిచ్చి, నెక్ రెండు అంచుల వెంబడి దారం లాగి వరస చూసుకుని, 4 మి.మీ. స్క్రూకు 3 మి.మీ. రంధ్రం వేయండి. బ్రిడ్జ్ కింద ఎర్త్ వైరు మళ్లీ పెట్టడం మర్చిపోకండి.

తరవాత చేసేవాళ్లకు ఒక మాట. బ్రిడ్జ్ బిగించేటప్పుడు శాడిల్‌ను దాని దారి మధ్యలో పెట్టి 863.6 గుర్తు పెట్టకండి. జి శాడిల్ దాదాపు పూర్తిగా ముందుకు తెచ్చి, దాన్ని 864 దగ్గర పెట్టి గుర్తు పెట్టండి. అన్ని శాడిళ్లూ ఎప్పుడూ వెనక్కే పోతాయి, ముందుకు రావు.

బేసి తాళం:
జి తీగ సంగతి. ముందు అది ఫ్రెట్ లోపమా, డెడ్ స్పాటా తేల్చండి. జివ్వుమని చస్తే ముందున్న ఫ్రెట్ ఎత్తుగా ఉన్నట్టు, చిన్న స్టీల్ స్కేలు మూడు ఫ్రెట్ల మీద పెట్టి ఊగుతుందేమో చూడండి. ఏ చప్పుడూ లేకుండా నిశ్శబ్దంగా ఆగిపోతే డెడ్ స్పాట్. ఇంకో పరీక్ష: జి తీగ 5వ ఫ్రెట్, డి తీగ 10వ ఫ్రెట్ రెండూ ఒకే సి స్వరం. డి మీద బాగా నిలిచి జి మీద చస్తే నెక్‌దే పని.

కారణం ఏమిటంటే, పొడవైన బోల్ట్ నెక్‌కు సొంత ఊగు ఒకటి ఉంటుంది, దాని వేగం సరిగ్గా ఆ స్వరాల దగ్గర పడుతుంది. తీగలో ఉన్న శక్తిని నెక్ లాగేసుకుంటుంది. ఫ్యాక్టరీ బాస్‌లలో కూడా జి తీగ 5 నుంచి 7 మధ్య ఇది మామూలే, పనస బాడీని తిట్టకండి.

తల మీద అట్టముక్క అడ్డంపెట్టి 150 గ్రాముల చిన్న సి క్లాంప్ బిగించి వాయించండి. బరువు పెరిగితే నెక్ వేగం తగ్గి డెడ్ స్పాట్ కింది ఫ్రెట్ల వైపు జరుగుతుంది. బరువు తీస్తే పై ఫ్రెట్ల వైపు పోతుంది. పూర్తిగా మాయం కాదు, చోటు మాత్రమే మారుతుంది. రెండు ఫ్రెట్ల నడుమ పడేలా చేయగలిగితే గెలిచినట్టే.

ఇక్కడే మీ నాలుగో సమస్యతో తగువు. తల మీద బరువు పెడితే బాస్ ఇంకా వాలుతుంది. కాబట్టి క్లాంప్ పరీక్ష చేసినా, అసలు పరిష్కారం వేరే వైపు నుంచి మొదలుపెట్టండి: ట్యూనర్లు తేలికైనవి వేయండి. పెద్ద రేకు గేర్ ట్యూనర్ల కన్నా దాదాపు సగం బరువువి దొరుకుతాయి. వాలడమూ తగ్గుతుంది, డెడ్ స్పాట్ 7, 8 వైపు జరిగే అవకాశమూ ఉంది. బాడీ పై కొమ్ము చివర, అంటే బెల్ట్ బటన్, ఎన్నో ఫ్రెట్‌కు ఎదురుగా ఉంది? 12వ ఫ్రెట్ దాకా రావాలి. 15 దగ్గరుంటే ఏ ట్యూనర్ వేసినా కొంత వాలుతుంది. అప్పుడు లోపలివైపు గరుకు తోలు ఉన్న 3 అంగుళాల వెడల్పు బెల్ట్ ఒక్కటే దారి.

నాలుగు తీగలు:
బటన్ 14వ ఫ్రెట్ దగ్గర ఉంది. స్ప్రింగ్ కోశాక ఇ తీగ కుదిరింది. ఇంకో సందేహం, స్క్వైర్, గెడ్డీ లీ వాయించిన రికెన్‌బాకర్ బాస్ స్కేల్ 33 పావు అంగుళాలు కదా, మోత కోసం నెక్ మళ్లీ ఆ కొలతకు చేయాలా?

బేసి తాళం:
అవసరం లేదు. గెడ్డీ లీ రికెన్‌బాకరూ వాయించాడు, 1972 జాజ్ బాసూ వాయించాడు, ఆ రెండోది 34 అంగుళాలదే. బ్రిడ్జ్ పికప్ ఎక్కడ ఉందన్నది స్కేల్ కన్నా, చెక్క కన్నా చాలా ఎక్కువ తేడా చేస్తుంది. 70ల జాజ్ బాస్‌లో ఆ పికప్ 60ల దానికన్నా దాదాపు 10 మి.మీ. బ్రిడ్జ్ దగ్గరికి జరిగింది, ముక్కుతో పలికినట్టుండే ఆ కరుకుదనం అక్కడిదే. దాని మీద స్టీల్ తీగలు, గట్టి పిక్. స్క్వైర్ వాయించింది పిక్‌తోనే. ఏడు దెబ్బల 7/8 తాళంలో అప్-డౌన్ పిక్ (ఒకసారి కిందికి, ఒకసారి పైకి మీటడం) వాడితే ఒక ఆవృత్తం డౌన్‌తో మొదలై తర్వాతది అప్‌తో మొదలవుతుంది, ఒత్తు తారుమారవుతుంది. మిశ్ర చాపు లాగా 3+2+2గా విడగొట్టి, మూడులో చివరిది, దాని తర్వాతది రెండూ డౌన్ కొడితే ప్రతి ఆవృత్తం ఒకేలా మొదలవుతుంది.

చిత్రిక:
చెక్క లెక్కలోకి రాదంటే ఒప్పుకోను. మోతలో కాదు, నిలకడలో. బొబ్బిలి వీణలకు పనస వాడతారు కాబట్టి మన దగ్గర దొరకడం సులువే, కానీ డిపోలో కొన్నది పచ్చిగా ఉంటుంది. ముతకగా కోసి వారం వారం తూకం వేయండి, బరువు తగ్గడం ఆగాకే పనికి తీసుకోండి. నెక్ టేకుకైతే ఇది మరీ ముఖ్యం. వైజాగ్ వానల్లో చేసిన నెక్ హైదరాబాద్ ఎండలకు పోతే ఫింగర్‌బోర్డ్ కుంచించుకుని ఫ్రెట్ల చివర్లు అరచేతికి గుచ్చుకుంటాయి. ఆ చివర్లు ఎండాకాలంలోనే ఆకురాయి పట్టాలి.

సోల్డర్ పొగ:
జాక్ సంగతి. స్టీరియో ప్లగ్‌కు కొన (టిప్), నడిమి కట్టు (రింగ్), ఎర్త్‌కు కలిసే ఒంటి భాగం (స్లీవ్) ఉంటాయి. మామూలు ప్లగ్‌కు రింగ్ ఉండదు, దాని స్లీవ్ పొడుగ్గా ఉండి జాక్‌లోని రింగ్ కాంటాక్ట్‌ను ఎర్త్‌కు కలిపేస్తుంది. బ్రిడ్జ్ పికప్ మీకు రింగ్ మీద ఉంది, అందుకే మూగబోయింది. మూడు కాళ్ల ఆన్-ఆన్ స్విచ్ ఒకటి తెచ్చుకోండి. మధ్య కాలికి బ్రిడ్జ్ వాల్యూమ్ అవుట్‌పుట్, ఒక పక్క కాలికి జాక్ రింగ్, రెండో పక్క కాలికి జాక్ టిప్. నెక్ వాల్యూమ్ అవుట్‌పుట్ నేరుగా టిప్‌కు. స్విచ్ ఒకవైపు స్టీరియో, ఇంకోవైపు రెండూ కలిసి మోనో.

వాల్యూమ్ పాట్‌లు (తిప్పే కంట్రోళ్లు) 250కె, అంటే 250 కిలోఓంలు. పికప్ వైరు పాట్ నడిమి కాలికి, అవుట్‌పుట్ పక్క కాలి నుంచి తీయండి. తిరగేసి కడితే మోనోలో ఒక వాల్యూమ్ సున్నా చేయగానే రెండూ ఆగిపోతాయి. టోన్‌కు 250కె పాట్, 47 నానోఫారడ్ కెపాసిటర్, నెక్ వైపు పెడితే చాలు.

పాత రికెన్‌బాకర్ 4001లో బ్రిడ్జ్ పికప్‌కు వరసలో 4.7 నానోఫారడ్ కెపాసిటర్ ఉండేది. మీరూ పికప్‌కూ పాట్‌కూ మధ్య అది పెట్టండి. 250కె పాట్, 1 మెగాఓం ఆంప్ ఇన్‌పుట్ లెక్కన దాదాపు 170 హెర్ట్జ్ కింద కోత పడుతుంది. ఖాళీ ఇ తీగ మూల స్వరం 41 హెర్ట్జ్, అది ఓవర్‌డ్రైవ్ (శబ్దాన్ని గరుకుగా విరిచే ఎఫెక్ట్) లోకి వెళ్తే అంతా బురదే. బ్రిడ్జ్ వైపు గిటార్ ఆంప్‌కు, ఓవర్‌డ్రైవ్‌తో. నెక్ వైపు శుభ్రంగా బాస్ ఆంప్‌కు. మోనోలో ఈ కెపాసిటర్ ఉంటే శబ్దం పల్చబడుతుంది కాబట్టి దాన్ని దాటవేసే చిన్న స్విచ్ పక్కన పెట్టుకోండి.

నాలుగు తీగలు:
స్విచ్, కెపాసిటర్ పెట్టాను, స్టీరియో పనిచేస్తోంది. కానీ రెండు ఆంప్‌లూ కలిపితే కింది స్వరాలు తగ్గిపోయి, పైగా గుయ్‌మని మోత. ఒక్కో ఆంప్ విడిగా బాగానే ఉంది.

సోల్డర్ పొగ:
రెండు వేర్వేరు విషయాలు. కింది స్వరాలు పోవడానికి కారణం ఫేజ్ తిరగబడటం, అంటే ఒక శబ్దపు అల పైకి పోతుంటే ఇంకోటి కిందికి పోయి రెండూ ఒకదాన్నొకటి చంపుకోవడం. ముందు మోనోలో, కెపాసిటర్ దాటవేసి వినండి. అక్కడా పల్చగా ఉంటే పికప్‌లే ఒకదానికొకటి ఎదురు తిరిగాయి. మల్టీమీటర్ 200 మిల్లీవోల్ట్ డీసీలో పెట్టి, ఒక్కో పికప్ పోల్ (తీగ కింద ఉండే అయస్కాంతపు ముక్క) మీద స్క్రూడ్రైవర్ ఆనించి చటుక్కున లాగండి. అంకె ఒక పికప్‌కు ప్లస్ వైపు, ఇంకోదానికి మైనస్ వైపు ఎగిరితే ఒకదాని వైర్లు రెండూ తారుమారు చేయండి. మోనోలో బాగుండి రెండు ఆంప్‌లతోనే తగ్గితే ఆంప్‌లో లేదా పెడల్‌లో తిరగబడుతోంది, వైరింగ్ ముట్టుకోకుండా ఒక ఆంప్ స్పీకర్ తీగలు రెండూ మార్చండి.

ఆ గుయ్‌మనే మోతకు కారణం గ్రౌండ్ లూప్, అంటే రెండు ఆంప్‌ల ఎర్త్‌లు రెండు దారుల్లో కలిసి ఒక చుట్టు ఏర్పడటం. రెండు ఆంప్‌లూ ఒకే గోడ సాకెట్‌కు పెట్టిన ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డు నుంచి నడపండి. అప్పటికీ తగ్గకపోతే ఒక ఆంప్ దారిలో 1:1 ఆడియో ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి, ఆ వైపు కేబుల్ స్లీవ్ అవతలికి కలవకుండా చూడండి. ప్లగ్‌లో ఎర్త్ పిన్ విరిచేయమని ఎవరైనా చెబితే వినకండి. మోత పోతుంది నిజమే, ఆంప్ లోపల లీకేజీ వచ్చిన రోజున కరెంటు తీగల మీదికి, మీ చేతికి వస్తుంది.