సమస్యాపూరణం: "నీరు లేని చోట నిండె గంగ"

నిర్వాహకుడు:
ఈ వారం సమస్య ఆటవెలది నాలుగో పాదం. యతి నీ–ని, ఐదూ సూర్యగణాలే, చిక్కేమీ లేదు. సందర్భం మాత్రం ఎడారి ప్రయాణం, రాత్రి ఆకాశం. పాలపుంతను ఆకాశగంగ అంటాం కాబట్టి దారి వెంటనే కనబడుతుంది, అక్కడితో ఆగకండి. ఏ ఎడారి, ఏ నెల, ఏ జాము అన్నది పద్యం చదివితే తెలియాలి. కార్తెలు లెక్కేసుకుని విత్తనం వేసినవాళ్ళ పిల్లలం మనం, చుక్కల విషయంలో పద్యం తప్పు చెబితే నాకు మనసొప్పదు.

బాటసారి:
గురువుగారూ, జైసల్మేర్ వెళ్ళినప్పటి నుంచీ మనసులో ఉన్నది ఇన్నాళ్ళకు పద్యమైంది.

ఒంటె దిగిన వేళ నొక్క దీపము లేదు
పరుపువంటి యిసుక పైన నొరగ
తేలు కొండి నుండి తెల్లని పాయగా
నీరు లేని చోట నిండె గంగ

లెక్కల మాస్టారు:
మూడో పాదం చాలా బాగుంది తమ్ముడూ. తేలు కొండి దగ్గరున్నదే మూలా నక్షత్రం, పాలపుంత నడిబొడ్డు కూడా అటువైపే, అందుకే పాయ అక్కడ చిక్కగా కనిపిస్తుంది. కానీ ఏ నెలలో వెళ్ళావు? జనం జైసల్మేర్ వెళ్ళేది చలికాలంలో. డిసెంబరులో సాయంత్రం ఒంటె దిగి పడుకుంటే వృశ్చికం కనబడదు, సూర్యుడితో పాటే ఉంటుంది. అప్పుడు నీకు కనిపించేవి కృత్తికలు, రోహిణి, ఆర్ద్ర. వాటి పక్కనుంచి పోయే పాయ పలచన.

బాటసారి:
ఫిబ్రవరి చివర మాస్టారూ, మాఘ అమావాస్య అటూఇటూగా. తెల్లవారుజామున లేచి చూశాం. ఖూరీ వైపు వెళ్ళాం, సమ్ దిబ్బల దగ్గర గుడారాల లైట్లు, పాటల మోత ఎక్కువని.

నిర్వాహకుడు:
అయితే నువ్వు చూసింది నిజమే, ఆ జాము పద్యంలోకి రాలేదంతే. "ఒంటె దిగిన వేళ" బదులు "ఒంటె లేచు ముందు నొక్క దీపము లేదు" అను. గణాలు సరిపోయాయి, ఒ–నొ యతి నిలిచింది, వేకువ వచ్చేసింది. ఇంకో మాట, జైసల్మేర్ మనకంటే పది డిగ్రీలు ఉత్తరాన ఉంది. ధ్రువుడు హైదరాబాదులో 17 డిగ్రీల ఎత్తున ఉంటే అక్కడ 27. అటు ఎంత లేస్తే ఇటు అంత దిగుతుంది కదా, మూల అక్కడ ఎప్పుడు చూసినా దక్షిణాన 26 డిగ్రీలకు మించి లేవదు. అంటే కొండి దాదాపు దిబ్బల అంచు మీదే, పాయ ఇసుకలోంచి లేచినట్టే ఉంటుంది. ఆ దృశ్యం ఇంకో పద్యానికి సరిపోతుంది, రాయి.

చరిత్ర పిచ్చి:
అందరూ పైకే చూస్తారని నేను కిందికి చూశాను.

సట్లజు నది నీళ్ళు సాగి బీకానేరు
చేలు తడిపె, రాజు చేత నాడు
కట్టినట్టి కాల్వ గంగానగరు దాక
నీరు లేని చోట నిండె గంగ

నిర్వాహకుడు:
ఊహ కొత్తది. బీకానేరు మహారాజు గంగాసింగ్ తవ్వించిన గంగ్ కాలువ 1927లో పారింది, నీళ్ళు సట్లజ్‌వి, పేరు ఆయనది, శ్రీగంగానగర్ కూడా ఆయన పేరే. సమస్య విడిపోయింది. రాత్రి ఏదీ మరి, చుక్క ఏదీ? "కట్టినట్టి"లో "నట్టి" గణం నింపడానికి వచ్చిందని చదవగానే తెలిసిపోతోంది. ఆ రెండక్షరాల చోట రాత్రిని తెచ్చే మాట పెట్టగలవేమో చూడు.

పెన్న ఒడ్డు పిల్ల:
మా అనంతపురంలో ఎండాకాలం పెన్న ఇసుకలో చెలమ తవ్వుతాం. థార్‌లోనూ అలాంటివి ఉంటాయని విని రాశాను. ఆటవెలదికి కొత్త, దిద్దండి.

చెలమ తవ్వి చూడ చేరిన చుక్కలు
గుక్కెడు నీటిలో కోటి మెరిసె
థారు పల్లె వారి దాహమ్ము తీర్చగా
నీరు లేని చోట నిండె గంగ

లెక్కల మాస్టారు:
అమ్మా, రెండో పాదంలో అన్నీ సూర్యగణాలే రావాలి. "గుక్కెడు" భగణం, "నీటిలో" రగణం, రెండూ ఇంద్రగణాలు. ఇక "కోటి"... నీళ్ళు నిలువుగా పడిన వెలుగులో రెండు శాతమే వెనక్కి పంపుతాయి. చిన్న చుక్కలన్నీ అందులో మాయమైపోతాయి, బాగా వెలిగేవే మిగులుతాయి. "గుక్కెడంత నీట కొన్నె మెరిసె" అంటే గణం కుదిరింది, గు–కొ యతి కుదిరింది, మాటా నిజమైంది. కోటి కంటే ఆ కొన్నే అందంగా లేవూ?

నిర్వాహకుడు:
విన్నది నిజమేనమ్మా. అక్కడ వాటిని బేరీ, కుయీ అంటారు. వాననీరు ఇసుకలోకి ఇంకి, కింద జిప్సం పొర అడ్డుపడి, అక్కడే చెమ్మగా ఆగిపోతుంది. సన్నటి బావి తవ్వితే ఆ చెమ్మ కొద్దికొద్దిగా ఊరి నీరవుతుంది. మన చెలమ కంటే చాలా లోతు. అందులో తొంగిచూస్తే నడినెత్తిన ఉన్న చుక్క తప్ప ఇంకోటి కనబడదు, దానికీ నీ తలే అడ్డం. కాబట్టి చెలమ అనే ఉంచు, బేరీ అని మార్చకు.

జగిత్యాల తమ్ముడు:
అన్నా, నేను అబుదాబి దగ్గర పని చేస్త. లీవా ఎడారికి లోడు తీస్కపోయినప్పుడు రాత్రి అక్కడనే ఆగుతం.

అమ్మ చూపు చుక్క లన్ని లీవా మింట
పలుకరింప, నాకు పల్లె తోచె
ఎన్ని యేండ్లొ యెండి యీ కన్నులందున
నీరు లేని చోట నిండె గంగ

నిర్వాహకుడు:
తమ్ముడూ, నాకు ఇదే మొదటిది. ఆకాశగంగను దాటుకుని నేరుగా కంటికి వచ్చావు. "ఎన్ని యేండ్లొ యెండి" అన్నచోట ఆగిపోయాను. ఎడారి ఎండిందంటే వింత లేదు, కళ్ళు ఎండాయన్నావు. అమ్మ చూపిన చుక్కలే అన్న మాట కూడా వట్టి ఊహ కాదు. లీవా 23 డిగ్రీల ఉత్తరం, జగిత్యాల దాదాపు 19, రెండుచోట్లా ఆకాశం ఇంచుమించు ఒక్కటే. కృత్తికలైతే లీవాలో దాదాపు నడినెత్తికి వస్తాయి.

లెక్కల మాస్టారు:
ఒక్కటే తేడా. జగిత్యాలలో నెత్తిమీదికి వచ్చిన చుక్క లీవాలో నెత్తిమీదికి రావడానికి ఇంకో గంటా నలభై నిమిషాలు పడుతుంది. అమ్మ చూసి పడుకున్నాక నువ్వు చూస్తావు.

జగిత్యాల తమ్ముడు:
ఈ మాట అమ్మకు ఫోన్ల చెప్త మాస్టారూ.

నిర్వాహకుడు:
వచ్చే వారానికి తేటగీతి: "ఎండమావులు నడిరేయి నేరులయ్యె". చరిత్ర పిచ్చి గారూ, ఈసారి రాత్రి సమస్యలోనే ఉంది.